దుకాణాలకూ హోటళ్ళకూ అలంకార కాంక్రీటు గచ్చు: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

కిందటి నెల ఈ శీర్షికలో పాలిష్ కాంక్రీటు గచ్చును, అంటే పోసిన కాంక్రీటునే అరగదీసి మెరుగుపెట్టిన గచ్చును, గురించి రాసిన నాలుగు మాటలకు విజయవాడ, గుంటూరు నగరాల నుంచి చాలా ఉత్తరాలు వచ్చాయి. వాటిలో కొన్ని కొత్తగా దుకాణమో హోటలో తెరవబోతున్న వారివి, కొన్ని ఇప్పటికే గచ్చు వేయించుకుని చిక్కుల్లో పడిన వారివి. ఒకే సందేహాన్ని పలువురు అడిగిన చోట ఒక ఉత్తరాన్ని మాత్రమే తీసుకుని జవాబు రాస్తున్నాను.

ప్రశ్న: గవర్నరుపేటలో కింది అంతస్తులో టిఫిన్ హోటలు తెరుస్తున్నాము. హైదరాబాదులో ఒక కాఫీ హోటలులో చూసిన బూడిద రంగు పాలిష్ కాంక్రీటు గచ్చునే హాలుకూ వంటగదికీ ఒకేలా వేయించాలని మా అబ్బాయి పట్టుబడుతున్నాడు. ఇప్పుడున్నది పాత మొజాయిక్. దాన్ని పగలగొట్టించమంటారా?
— ఒక హోటలు యజమాని, విజయవాడ

జవాబు: పాలిష్ గచ్చు హాలుకు పనికివస్తుంది, వంటగదికి మాత్రం వద్దు. సిమెంటు నీటితో కలిసి గట్టిపడేటప్పుడు అందులో ఒక రకమైన సున్నం, అంటే కాల్షియం హైడ్రాక్సైడు, పుడుతుంది. పాలిష్ కాంక్రీటుకు గట్టిదనాన్నీ మెరుపునూ ఇచ్చేది ఆ సున్నమే. గచ్చును కొంతవరకు అరగదీసిన తరువాత సోడియం సిలికేటు గాని లిథియం సిలికేటు గాని ఉన్న ద్రవాన్ని పోస్తే, అది లోపలి సున్నంతో కలిసి రంధ్రాలను పూడ్చే గట్టి పదార్థంగా మారుతుంది. అయితే సున్నానికి పులుపు గిట్టదు. టిఫిన్ హోటలు వంటగదిలో పులుపు లేని మూల ఉండదు. పులిసిన పిండి, చింతపండు రసం, పెరుగు, టమాటా, నిమ్మకాయ, వీటిలో ఏది పడినా, వెంటనే తుడవకపోతే, పడినంత మేర మెరుపు పోయి తెల్లగా గరుకుదేరుతుంది. అది మరక కాదు, గచ్చు కరిగిన గుర్తు. కడిగితే పోదు, మళ్ళీ మిషను పెట్టి అరగదీయవలసిందే. ఒక హోటలు వంటగదిలో గ్రైండరు దగ్గర పిండి చుక్కలు పడిన ప్రతి చోటా చిన్న చిన్న గుంటలు తేలిన గచ్చును నేను స్వయంగా చేత్తో తడిమి చూశాను. పై పొర పోయి ఇసుక రేణువులు వేళ్ళకు గుచ్చుకుంటున్నాయి. ఆ హోటలు తెరిచి అప్పటికి ఏడాది కూడా కాలేదు.

వంటగదికి పాలియురెథేన్ కాంక్రీటును, అంటే సిమెంటులో ప్లాస్టిక్ జాతి జిగురు కలిపిన గచ్చును, 6 నుంచి 9 మిల్లీమీటర్ల మందాన వేయించండి. వేడి గంజి, వేడి నూనె పడినా అది తట్టుకుంటుంది. అంత ఖర్చు వద్దనుకుంటే జారని రకం టైల్సు వేయించి, సందులను మామూలు సిమెంటుతో కాకుండా ఎపాక్సీ అనే రసాయన జిగురుతో నింపించండి. రెండింటిలో ఏది వేయించినా అడుగుకు ఎనిమిదో వంతు అంగుళం చొప్పున మోరీ వైపు వాలు ఉండాలి. గచ్చూ గోడా కలిసే చోట మూలను గుండ్రంగా తిప్పితే మురికి పేరుకోదు. ఆహార వ్యాపారాలకు లైసెన్సులు, రిజిస్ట్రేషన్లు ఇచ్చేందుకు ఏర్పడిన 2011 నాటి నిబంధనలలోని నాలుగో షెడ్యూలు కూడా నేల తేలికగా శుభ్రపరిచేందుకు వీలుగా ఉండాలని, నీరు పోయేందుకు తగిన వాలు ఉండాలని చెబుతుంది. కనుక తనిఖీకి వచ్చేవారు మొదట చూసేవాటిలో వంటగది నేల ఒకటి.

ఇక హాలు విషయం. మొజాయిక్‌ను పగలగొట్టవద్దు. అది కూడా అలంకార కాంక్రీటే. సిమెంటులో పాలరాతి ముక్కలు కలిపి, గట్టిపడ్డాక అరగదీసి మెరుగుపెట్టిన గచ్చునే మన వాళ్ళు మొజాయిక్ అన్నారు. బోలు శబ్దం వచ్చే పలకలు ఎన్ని ఉన్నాయో ఒక నాణెంతో తట్టి చూడండి. పదింట ఒకటి రెండుకు మించకపోతే వాటిని మాత్రం మార్చి, గదినంతా వజ్రపు రాళ్ళ మిషనుతో మళ్ళీ అరగదీయిస్తే, యాభై ఏళ్ళ నాటి గచ్చు కింద నుంచి ఇప్పుడు ఏ దుకాణంలోనూ దొరకని చిప్సు రంగులు బయటపడవచ్చు. మీ అబ్బాయి కోరిన బూడిద రంగు దీనిలో రాదన్న మాట నిజమే గాని, ఒక్క గదిని అరగదీసి చూపించిన తరువాత ఆయన మనసు మారితే నేను ఆశ్చర్యపోను.

మెరుపు ఎంతవరకు తేవాలన్నది మరో సంగతి. రాళ్ళకు 30, 80, 150, తరువాత 200, 400, 800, 1500, 3000 అంటూ అంకెలు ఉంటాయి. అంకె పెరిగే కొద్దీ రాయి నునుపు, గచ్చు మెరుపు పెరుగుతాయి. టిఫిన్ హోటలుకు 400 దగ్గర, మహా అయితే 800 దగ్గర ఆపించండి. అంతకు మించి అద్దంలా చేయించుకుంటే, వానాకాలంలో తడి చెప్పులతో వచ్చేవారు ఎక్కువై ఒకరిద్దరు తప్పక జారుతారు. అరగదీసే పని పొడిగా చేస్తున్నట్లయితే దుమ్మును లాగే యంత్రం తప్పనిసరిగా ఉండాలని కాంట్రాక్టరుకు ముందే చెప్పండి. ఆ దుమ్ములోని సిలికా పనివాళ్ళ ఊపిరితిత్తులలో చేరితే తిరిగి నయం కాని జబ్బు వస్తుంది. ముఖానికి తువ్వాలు కట్టుకుంటే సరిపోదు.

ప్రశ్న: గుంటూరు అరండల్‌పేటలో మా బట్టల దుకాణానికి కిందటి మే నెలలో నాలుగు అంగుళాల మందాన రంగు కాంక్రీటు పోయించి పాలిష్ పట్టించాము. మూడు నెలలు తిరక్కుండానే స్తంభాల మూలల నుంచి పగుళ్ళు బయలుదేరాయి. కాంక్రీటన్న తరువాత నెర్రెలు సహజమేనని కాంట్రాక్టరు అంటున్నాడు. అది నిజమేనా? ఇప్పుడేమి చేయాలి?
— ఒక వస్త్ర వ్యాపారి, గుంటూరు

జవాబు: ఆయన చెప్పింది సగం నిజం. కాంక్రీటు ఆరేటప్పుడు కుంచించుకుపోతుంది, పగలడానికి చూస్తుంది. ఆ పగులు ఎక్కడ రావాలో ముందుగా నిర్ణయించి అక్కడ గాడి కోయడమే పనితనం. నాలుగు అంగుళాల గచ్చుకు ఎనిమిది నుంచి పన్నెండు అడుగులకు ఒకటి చొప్పున, మందంలో నాలుగో వంతు, అంటే ఒక అంగుళం లోతున కోత కోయాలి. ఎండాకాలంలో అయితే కాంక్రీటు పోసిన మరునాటి ఉదయం లోపలే కోత మిషను దిగాలి. నాలుగు రోజుల తరువాత కోస్తే, అప్పటికే లోపల కంటికి కనిపించని పగులు తన దారి తాను చూసుకుని ఉంటుంది. మీరు పంపిన ఫోటోలలో నలభై అడుగుల పొడవు హాలులో ఒక్క కోత కూడా లేదు. స్తంభాల చుట్టూ విడిగా సందు వదలలేదు. స్తంభం పునాదితో పాటు కదలకుండా నిలబడుతుంది, గచ్చు మాత్రం కదులుతుంది. ఆ రెండింటినీ కలిపి పోస్తే స్తంభం మూల గచ్చును చీల్చడం ఖాయం. అందుకే స్తంభం చుట్టూ గచ్చును వజ్రం ఆకారంలో, మూలలు స్తంభపు ముఖాలకు ఎదురుగా వచ్చేటట్టు, విడిగా వదలాలి.

రెండో కారణం నేల. గుంటూరు చుట్టుపక్కల చాలా చోట్ల ఉన్నది నల్లరేగడి. వానలకు అది ఉబ్బుతుంది, వేసవిలో బెత్తెడు వెడల్పున బీటలు తీస్తుంది. దానిమీద నేరుగా పోసిన గచ్చు ఏటా లేచి దిగుతుంది. పైపొర నల్లమట్టిని తీసి, గ్రావెలు నింపి, ఆరేసి అంగుళాల పొరలుగా నీళ్ళు చల్లి దిమ్మిస కొట్టిన తరువాతే కాంక్రీటు పోయాలి. మీ దుకాణంలో పాత గచ్చును తీసిన చెత్తనే చదును చేసి దాని మీద పోశారని మీరే రాశారు. దానికి దిమ్మిస తగిలినట్టు లేదు.

మూడోది నీళ్ళు. ఎం25 వంటి బలపు గ్రేడు కాంక్రీటుకు 50 కిలోల సిమెంటు బస్తాకు ఇరవై రెండు లీటర్ల చుట్టుపక్కల నీరు చాలు. ఇసుక తడిగా ఉంటే అందులోంచి కూడా తగ్గించాలి. పనివాళ్ళకు పారతో లాగడం తేలిక కావాలని నలభై లీటర్లు పోస్తే గచ్చు పైకి పలచని పాలు తేలతాయి. పాలిష్ పట్టేది ఆ పాల పొర మీదనే. అది బలహీనంగా ఉంటుంది, ఆరేటప్పుడు సాలెగూడులా చీలుతుంది. మే నెల మధ్యాహ్నం పోయడం దీనికి తోడైంది. 40 డిగ్రీలు దాటిన ఎండలో చేసే కాంక్రీటు పనికి విడిగా ఐఎస్ 7861 అనే భారతీయ ప్రమాణమే ఉంది. తెల్లవారుజామున పోయడం, కంకర కుప్పను తడిపి చల్లబరచడం, పోసిన వెంటనే పైన తడి గోనెలు పరచడం, ఇవన్నీ మన పెద్ద మేస్త్రీలకు తెలిసిన సంగతులే. నీళ్ళు కట్టే గడువును ఐఎస్ 456 అనే మరో ప్రమాణం మామూలు సిమెంటుకు కనీసం 7 రోజులుగానూ, బూడిద కలిసిన సిమెంటుకూ ఎండ వాతావరణానికీ కనీసం 10 రోజులుగానూ నిర్ణయించింది. బూడిద కలిసిన సిమెంటుకు 14 రోజులు కడితే మేలని కూడా చెప్పింది. మీ గచ్చుకు నాలుగు రోజులు కట్టారు.

ఇక చేయవలసింది. పగుళ్ళను ఇప్పుడే పూడ్చవద్దు. పగులుకు అడ్డంగా చిన్న గాజు పట్టీని రెండు అంచులా సిమెంటుతో అతికించి, పక్కన తేదీ రాసి, వచ్చే వానాకాలం దాటేవరకు చూడండి. గాజు విరగకపోతే పగులు ఆగిపోయిందని అర్థం. అప్పుడు దాన్ని సన్నగా వెడల్పు చేసి, కొద్దిగా సాగే గుణమున్న పాలీయూరియా మసాలాతో గచ్చు రంగుకు దగ్గరగా నింపించండి. గాజు విరిగితే నేల ఇంకా కదులుతున్నట్టు లెక్క. అప్పుడు పైన ఎంత ఖరీదైన పూత పూయించినా ఆ డబ్బు వృథా. అంత మేర కోసి తీసి, కింది నుంచి మళ్ళీ కట్టుకు రావలసిందే.

ఇటువంటి పగుళ్ళలో గచ్చు పోయించే మా వంటివారి తప్పు కూడా ఉన్నదని ఒప్పుకుంటాను. పనిలో చేరిన తొలి రోజుల్లో పటమటలో ఒక దుకాణానికి గచ్చు పోయిస్తూ, అద్దె పెరిగిపోతున్నదని యజమాని తొందరపెడితే, పదో రోజునే ఇనుప బీరువాలు ఎక్కించడానికి ఒప్పుకున్నాను. ఆ బీరువాల నాలుగు కాళ్ళ కిందా నాలుగు నక్షత్రాల్లాగా గచ్చు పగిలింది. యజమాని ఒక్క మాటా అనకపోవడం నన్ను మరీ బాధపెట్టింది. అప్పటి నుంచి 28 రోజుల లోపల పాలిష్ మిషను గాని బరువైన సామాను గాని గచ్చు ఎక్కకూడదన్న షరతును ఒప్పంద పత్రంలో మొదటి వాక్యంగా రాయిస్తున్నాను. మీరూ అలాగే రాయించుకోండి. ఆ నెల అద్దెను గచ్చు ఖర్చులోనే కలిపి లెక్క వేసుకుంటే తొందర పుట్టదు.

ప్రశ్న: కొత్తగా పోసిన కాంక్రీటు గచ్చు మీద యాసిడ్ స్టెయిన్ వేయించాను. పాలరాయిలా తేలే గోధుమ రంగు వస్తుందని బొమ్మల్లో చూపించారు. మా గచ్చు మీద పలచగా, అక్కడక్కడ మచ్చలుగా మాత్రమే వచ్చింది. సరుకు నకిలీదా?
— కాఫీ హోటలు నిర్వాహకురాలు, ఏలూరు రోడ్డు, విజయవాడ

జవాబు: సరుకు మంచిదే అయివుండవచ్చు, సిమెంటును చూడండి. యాసిడ్ స్టెయిన్ రంగు పూత కాదు. హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో ఇనుము, మాంగనీసు, రాగి లవణాలను కలిపిన ద్రవం అది. ఆమ్లం గచ్చు పైపొరను కొద్దిగా తెరిస్తే, లవణాలు లోపలి సున్నంతో కలిసి గోధుమ, నలుపు, నీలి ఆకుపచ్చ రంగులుగా స్థిరపడతాయి. అంటే రంగు పుట్టడానికి కాంక్రీటులో సున్నం దండిగా ఉండాలి. మన మార్కెట్టులో ఎక్కువగా దొరికేది పీపీసీ సిమెంటు. అందులో మన ఇబ్రహీంపట్నంలోని నార్ల తాతారావు థర్మల్ విద్యుత్ కేంద్రం వంటి చోట్ల బొగ్గు మండగా మిగిలే బూడిద కలుస్తుంది. ఆ బూడిద కాలం గడిచేకొద్దీ కాంక్రీటులోని సున్నాన్ని తినేస్తుంది. నిర్మాణ బలానికి అది మంచి గుణమే గాని, యాసిడ్ స్టెయిన్‌కు తినడానికి మిగిలేది తక్కువ. మీరు చూసిన బొమ్మలు మామూలు ఓపీసీ సిమెంటుతో పోసిన గచ్చులవి కావచ్చు. బస్తా మీద పీపీసీ అనో, ఐఎస్ 1489 అనో ఉన్నదేమో మేస్త్రీని అడగండి.

మచ్చలకు మరో కారణం కూడా ఉండవచ్చు. పుట్టీ, పెయింటు, నూనె పడిన చోట ఆమ్లం లోపలికి దిగదు. రంగు రాని చోట ఒక చుక్క నీరు వేసి చూడండి. అది ముత్యంలా నిలబడి ఉంటే అక్కడ ఏదో పొర ఉన్నట్టే, ఇంకిపోతే సిమెంటే కారణం.

ఇప్పుడు మళ్ళీ యాసిడ్ పోయించవద్దు. వంట సోడా కలిపిన నీటితో గచ్చును కడిగి, ఆమ్లం విరిగిన తరువాత మంచినీటితో రెండుమూడు సార్లు తుడిపించి, పూర్తిగా ఆరనిచ్చి, నీటితో కలిసే కాంక్రీటు రంగును పలచగా రెండు పొరలు వేయించి పైన సీలరును, అంటే నీరు దిగకుండా కాపాడే పూతను, పూయించండి. ఇంకా గచ్చు పోయని పాఠకులు ఎవరైనా ఉంటే, యాసిడ్ స్టెయిన్ కోరుకునేవారు మొదటే ఓపీసీ 43 లేదా 53 గ్రేడును తెప్పించుకుని, అదే కాంక్రీటుతో రెండడుగుల పలకను విడిగా పోయించి, దాని మీద రంగు వేసి చూసుకున్న తరువాతే హాలు జోలికి వెళ్ళాలి. ఈ ఒక్క పలక ఎంత నష్టాన్ని తప్పిస్తుందో చెప్పలేను.

ప్రశ్న: 2024 సెప్టెంబరు నాటి బుడమేరు వరదలో మా దుకాణంలో నడుము లోతు నీరు నిలిచింది. నీరు తీసిన రెండు నెలలకు పాత సిమెంటు గచ్చు మీద మెరిసే ఎపాక్సీ పూత వేయించాము. ఇప్పుడు బొబ్బలు లేస్తున్నాయి. గిల్లితే లోపల నీరు ఉంది. పైన ఒక్క చుక్క నీరు కూడా పోయలేదు.
— మందుల దుకాణదారు, సింగ్‌నగర్, విజయవాడ

జవాబు: నీరు పై నుంచి రాలేదు, కింది నుంచి వచ్చింది. వరద తగ్గి గచ్చు పొడిగా కనిపించినా, బేస్‌మట్టం లోపల నింపిన మట్టి నెలల తరబడి తడిగానే ఉంటుంది. ఆ చెమ్మ ఆవిరై గచ్చులోని సన్నని రంధ్రాల గుండా పైకి వస్తుంది. మీ పాత గచ్చు ఆ ఆవిరిని రోజూ గాలిలోకి వదిలేది, అందుకే మీకు తెలియలేదు. ఎపాక్సీ దానికి మూత పెట్టింది. ఆవిరి మూత కింద పోగై, నీరై, పూతను ఎత్తింది.

ఏ పూతకైనా ముందు చేసుకోవలసిన పరీక్ష ఒకటి ఉంది. దానికి ఖర్చు లేదు. పద్దెనిమిది అంగుళాల చదరపు పలచని ప్లాస్టిక్ కాగితాన్ని గచ్చు మీద పరచి, నాలుగు అంచులకూ గాలి దూరకుండా టేపు అంటించి, సాయంత్రం నుంచి మరునాడు ఉదయం దాకా, అంటే కనీసం 16 గంటలు, వదిలేయండి. తీసినప్పుడు కాగితం లోపలి వైపు నీటి బిందువులున్నా, గచ్చు నల్లబడినా ఆ గచ్చు ఎపాక్సీకి పనికిరాదు. గదిలో ఒక్క చోట కాకుండా నాలుగైదు చోట్ల చేయండి. మే నెలలో పరీక్ష చేసి సంబరపడవద్దు. వానలు ముదిరి భూగర్భ జలం పైకి వచ్చిన సెప్టెంబరు, అక్టోబరులలో కూడా ఒకసారి చూడండి.

మీ దుకాణంలో ఎపాక్సీని పూర్తిగా గీకించి, గచ్చును కొన్ని నెలలు గాలికి వదిలేయండి. ఆ తరువాత ఆవిరిని ఆపని పద్ధతినే ఎంచుకోవాలి. గచ్చు గట్టిగా ఉంటే అరగదీసి సిలికేటు ద్రవం పోయించి పాలిష్ పట్టించడం మంచిది. బొత్తిగా పుచ్చిపోయి ఉంటే తీసేసి, దిమ్మిస కొట్టిన ఇసుక మీద 250 మైక్రానుల పాలిథీన్ పరచి, అతుకుల దగ్గర అడుగు మేర ఒకదాని మీద ఒకటి వచ్చేటట్టు వేసి, ఆపైన కొత్త కాంక్రీటు పోయించండి. బుడమేరు దారిలో ఉన్న దుకాణాలకు ఈ కింది పాలిథీన్ మీద పెట్టే ఖర్చు పైపూత మీద పెట్టే ఖర్చు కన్నా చాలా తక్కువ. అది పైకి కనిపించదు కాబట్టే ఎవరూ అడగరు. మీరు అడగండి.

ప్రశ్న: మా అమ్మమ్మగారి ఇంట్లో ఎర్రటి గచ్చు ఉండేది. చల్లగా, ముఖం కనిపించేటంత నునుపుగా ఉండేది. మంగళగిరిలో పెట్టబోయే చేనేత చీరల దుకాణానికి అటువంటిదే వేయించాలని ఉంది. ఇప్పుడు ఆ పని చేసేవాళ్ళున్నారా? దుకాణం తాకిడికి అది ఆగుతుందా?
— ఒక పాఠకురాలు, మంగళగిరి

జవాబు: ఈ ఉత్తరం చదివి చాలా సంతోషించాను. ఉన్నారు, తగ్గిపోతున్నారు. ఏ మేస్త్రీనైనా ఒప్పుకునే ముందు ఆయన చేసిన పాత ఎర్రగచ్చు ఒకటి చూపించమనండి. కనీసం అయిదేళ్ళ నాటిదై ఉండాలి.

కింద గట్టి కాంక్రీటు ఉండాలి. దాని మీద సిమెంటు ఒక పాలు, ఇసుక మూడు పాళ్ళు కలిపిన మాలు ముప్పావు అంగుళం వేసి, అది పచ్చిగా ఉండగానే ఐరన్ ఆక్సైడు రంగు కలిపిన సిమెంటు పైపొర పడాలి. రంగు పొడి సిమెంటు బరువులో పదో వంతుకు మించకూడదు, అంటే బస్తాకు అయిదు కిలోలు. ఎక్కువ వేస్తే ఎర్రదనం పెరగదు, బలం తగ్గుతుంది, నడిచిన కాళ్ళకు రంగు అంటుతుంది. మొత్తం దుకాణానికి కావలసిన సిమెంటునూ రంగునూ ఒకేసారి పొడిగా కలిపి జల్లెడ పట్టించి పెట్టుకోండి. ఏ రోజుకారోజు కలిపితే ప్రతి గదీ ఒక్కో ఎరుపు అవుతుంది. అసలు పని తాపీతో ఉంది. నీరు ఇంకి, వేలు పెడితే గుర్తు పడీ పడని దశలో మేస్త్రీ పీట మీద కూర్చుని, తాపీ అంచును కొద్దిగా ఎత్తి, ఒకే వైపు, ఒకే బరువుతో పదే పదే లాగుతాడు. మొదట బరబరమన్న శబ్దం సన్నబడి చివరకు గాజు మీద గీసినట్టు కీచుమంటుంది. అప్పుడు ఆపాలి. ముందుగా ఆపితే మెరుపు రాదు, ఆగకుండా రుద్దితే నల్లటి చారలు పడతాయి. ఆ శబ్దం తెలిసిన చెవి ఉన్నవాడే ఎర్రగచ్చు మేస్త్రీ.

మరునాటి నుంచి మట్టితో మడులు కట్టి రెండు వారాలు నీరు నిలపాలి. మడి మట్టి మరక పడకుండా ముందు ఇసుక పట్టీ వేయించండి. తరువాత కొబ్బరినూనె పలచగా రాసి, గుడ్డతో రుద్ది, కొన్ని రోజుల విరామంతో మళ్ళీ రాస్తే అమ్మమ్మగారి ఇంటి మెరుపు వస్తుంది. చీరల దుకాణానికి మాత్రం నూనె బాగా ఇంకిన తరువాతే సరుకు దింపండి. పాత ఇళ్ళలో దారం ఒత్తి గళ్ళు వేసేవారు. అవి చూపుకు అందంగా ఉంటాయి గాని లోతు చాలక పగుళ్ళను ఆపవు. కనుక మీ దుకాణంలో నాలుగడుగుల గళ్ళుగా గాజు పట్టీలు గాని ఇత్తడి పట్టీలు గాని పెట్టించండి. ఇత్తడి పట్టీ ఎరుపు పక్కన ఎంతో బాగుంటుంది. చెప్పులు బయట విడిచి వచ్చే దుకాణంలో ఈ గచ్చు మీ మనవరాలి దాకా నిలుస్తుంది.

ప్రశ్న: బందరు రోడ్డులో మొదటి అంతస్తులో దుకాణం. టైల్సు మీదనే కాంక్రీటు పోసి పాలిష్ చేయవచ్చునా?
— ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: వద్దు. నాలుగు అంగుళాల కాంక్రీటు చదరపు అడుగుకు దాదాపు 23 కిలోల బరువు. 800 చదరపు అడుగుల దుకాణం మీద అది 18 టన్నులకు పైబడుతుంది. స్లాబును ఆ అదనపు బరువుకు లెక్కగట్టి ఉండరు. కదలని టైల్సు మీద, పైమెరుగును అరగదీసి, మైక్రో సిమెంటు అనే పలచని సిమెంటు పూతను 2, 3 మిల్లీమీటర్ల మందాన వేయించుకోవచ్చు. లోపల ఫైబరు జాలీ పరచకపోతే ఏడాదిలో టైల్సు గళ్ళు పైకి గీతలుగా కనిపిస్తాయి.

ప్రశ్న: అమరావతి రోడ్డులో తోట రెస్టారెంటు కడుతున్నాము. బయటి దారులకు రాళ్ళ అచ్చులు వేసిన కాంక్రీటు బాగుంటుందా?
— ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: అమెరికాలో 1950లలో మొదలైన ఈ అచ్చుల పద్ధతి ఆరుబయటికి బాగానే నప్పుతుంది. రంగు పొడి చల్లి, రబ్బరు అచ్చులు పరచి, పైనుంచి కొట్టి రాతి గీతలు దింపుతారు. బొటనవేలితో నొక్కితే పావు అంగుళం దిగి, వేలికి అంటుకోని దశలోనే అచ్చు పడాలి. మన ఎండల్లో ఆ దశ ఎక్కువ సేపు నిలవదు కనుక ఈ పనిని డిసెంబరు, జనవరి నెలలకు పెట్టుకోండి, ఒక్కసారికి కొద్ది మేరే పోయించండి. పైన పూసే సీలరులో జారకుండా ఉండే సన్నని రేణువులు కలపమని పట్టుబట్టండి. రెండు మూడేళ్ళకు ఒకసారి సీలరు మళ్ళీ పూయించవలసి ఉంటుంది.

ప్రశ్న: మా మిఠాయి దుకాణం పాలిష్ గచ్చు వేయించి ఆరు నెలలైంది. అంతటా బాగుంది, గడప లోపలి రెండడుగుల మేర మాత్రం తెల్లటి మచ్చలు, ఎర్రటి మరకలు ఉన్నాయి. ఎంత కడిగినా పోవడం లేదు. బాత్రూము యాసిడ్‌తో కడిగితే ఇంకా తెల్లబడింది.
— మిఠాయి వ్యాపారి, కొత్తపేట, గుంటూరు

జవాబు: మీరు మచ్చలున్న చోటును అంత వివరంగా రాయడం వల్ల కారణం పట్టుకోవడం తేలికైంది. ప్రతి శుక్రవారం గడపకు రెండు వైపులా కోసిన నిమ్మకాయ పెట్టి కుంకుమ అద్దుతారు కదా, తెల్లటి మచ్చలు నిమ్మరసానివి, ఎర్రటివి కుంకుమవి. దసరాకు కొట్టిన గుమ్మడికాయ కూడా అక్కడే పగిలి ఉంటుంది. బాత్రూము యాసిడ్ నిమ్మరసం చేసిన పనినే వంద రెట్లు ఎక్కువగా చేసింది. ఇకమీదట దాన్ని గచ్చు దరిదాపులకు రానీయకండి. టైల్సు కడిగే ద్రవాలలో కూడా ఆమ్లం ఉన్నవే ఎక్కువ. సీసా మీద రాసి ఉన్నది చదివి, ఆమ్లం గాని బ్లీచింగ్ గాని లేని రకాన్ని నీటిలో పలచగా కలిపి వాడండి.

గడప దగ్గర ఆ రెండడుగుల మేర పాలిష్ పోయింది కనుక, 200 అంకె రాయి నుంచి మొదలుపెట్టి హాలుకు పట్టించిన చివరి అంకె రాయి దాకా అంచెలంచెలుగా మెరుగుపెట్టించి, సిలికేటు ద్రవమూ మరక పట్టని సీలరూ మళ్ళీ పూయించండి. కుంకుమ లోతుగా దిగి ఉంటే కొంత ఎరుపు మిగలవచ్చు. పూజ మానవలసిన పని లేదు. గడప లోపల ఒక అడుగు వెడల్పున నల్లటి కడప రాతి పలకను ఇత్తడి పట్టీతో విడదీసి పరిపించండి. కుంకుమ మరక నలుపు మీద కనిపించదు. నిమ్మకాయను మాత్రం నేరుగా రాతి మీద కూడా పెట్టవద్దు, అది కూడా సున్నపురాయే. చిన్న ఇత్తడి పళ్ళెంలో పెట్టి, సాయంత్రం దుకాణం మూసేటప్పుడు తీసేయండి. గడప బయట కొబ్బరిపీచు పట్టా ఒకటి వేయండి, వీధి ఇసుక చెప్పులతో లోపలికి వచ్చి గచ్చును గీరకుండా ఉంటుంది. దాన్ని రోజూ ఉదయం వీధిలో దులపమని కుర్రవాడికి చెప్పండి.